పూస కట్టడం వెనుక సంగతి: ఒక పాఠశాల ప్రయోగం

నెయ్యి పూస కట్టకపోతే కల్తీ అంటారు. కోవా పూస కడితే కల్తీ అంటారు. ఈ రెండు మాటలూ పాల సంఘాల చుట్టుపక్కల వినబడుతూనే ఉంటాయి. పండుగకు కొన్న నెయ్యి డబ్బా మూత తీసి చూస్తే లోపల నూనెలా జారుడుగా ఉంటుంది. "ఇందులో ఏదో కలిపారు" అంటారు. ఇంట్లో కాచిన కోవాను కొన్నాళ్లు చల్లటి చోట నిలవ ఉంచి నోట్లో వేసుకుంటే నాలుకకు ఇసుక తగిలినట్టుంటుంది. "పాలలోనే ఏదో ఉంది" అంటారు. మాట చివరకు పాలు పోసిన సభ్యుడి మీద, కాచిన మనిషి మీద, అమ్మిన సంఘం మీద పడుతుంది.

కల్తీ అనేది లేనే లేదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. జరిగిన చోట దానిని పట్టుకోవడానికి పరీక్షలున్నాయి. అయితే పూసను చూసి కల్తీని పట్టుకోలేము, పూసను చూసి స్వచ్ఛతనూ నిర్ణయించలేము. పూస మనకు ముఖ్యంగా చెప్పేది ఆ పదార్థాన్ని ఎలా చల్లార్చారన్న సంగతి. దీనిని కంటితో చూపించే ప్రయోగం ఒకటి హైస్కూలు రసాయనశాస్త్ర తరగతుల్లోను, విజ్ఞాన ప్రదర్శనల్లోను చేస్తుంటారు. చూసినప్పుడు గారడీలా ఉంటుంది. నీటిలా తేటగా ఉన్న ద్రవంలో చిటికెడైనా లేని పలుకు ఒకటి వేస్తారు. రెప్పపాటులో అక్కడి నుంచి తెల్లటి సూదులు నలువైపులా పాకి, కొద్ది క్షణాల్లో కుప్పె మొత్తం గడ్డకట్టుకుపోతుంది. పైగా ఆ గడ్డ వేడిగా ఉంటుంది.

ప్రయోగం చేసే తీరు

దీనికి వాడే ఉప్పు సోడియం ఎసిటేట్. ప్రయోగశాల సరుకులు అమ్మే దుకాణాల్లో స్ఫటికాల రూపంలో దొరుకుతుంది. ఈ స్ఫటికాల్లోనే కొంత నీరు ఇమిడి ఉంటుంది కాబట్టి కాస్త వేడి తగిలితే, సుమారు 58 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద, తమ నీటిలో తామే కరిగిపోతాయి. 175 గ్రాముల స్ఫటికాలను శుభ్రమైన గాజు కుప్పెలో పోసి, 50 మిల్లీలీటర్ల శుద్ధజలం చేర్చి, ఆ కుప్పెను మరుగుతున్న నీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. అంతా కరిగి తేట పడేదాకా మెల్లగా తిప్పుతుండాలి. కుప్పె లోపలి గోడల మీద, మెడ దగ్గర ఒక్క పలుకు కూడా మిగలకుండా కాసిని వేడి నీటిచుక్కలతో కడిగి దించుకోవాలి. అసలు పనంతా ఈ కడగడంలోనే ఉంది. ఒక్క పలుకు మెడకు అంటుకుని ఉన్నా చల్లారేటప్పుడు జారి పడి, ప్రేక్షకులు రాకముందే ప్రయోగం అయిపోతుంది.

తరువాత కుప్పె మీద శుభ్రమైన గాజు మూత బోర్లించి, కదపకుండా చల్లారనివ్వాలి. మన ప్రాంతంలో మే నెలలో గది వేడి 38, 40 డిగ్రీలుంటుంది. ప్రయోగం అప్పుడూ జరుగుతుంది గాని, చల్లటి నీళ్ల తొట్టిలో కుప్పెను కాసేపు ఉంచితే ఫలితం చురుగ్గా ఉంటుంది. పూర్తిగా చల్లారినా లోపల గడ్డకట్టిన జాడే కనిపించదు. అప్పుడు ఉపాధ్యాయుడు ముందుగా ఒక పంచదార పలుకు వేసి చూపిస్తే బాగుంటుంది. సాధారణంగా ఏమీ జరగదు. ఆ పైన సోడియం ఎసిటేట్ పలుకు ఒకటి వేస్తే కుప్పె అంతా కట్టుకుంటుంది. పరాయి రేణువు ఏది పడినా కట్టదు, తన జాతి రేణువు కావాలి అన్న సంగతి పిల్లలకు అక్కడే బోధపడుతుంది.

వెనిగరులో తినే సోడా కలిపి ఈ ఉప్పును ఇంట్లోనే తయారు చేసుకోవచ్చని కొందరు చెబుతారు. నిజమే, కాని లాభం తక్కువ. అయిదు శాతం పులుపున్న లీటరు వెనిగరుకు సుమారు 70 గ్రాముల సోడా పడుతుంది. దానిని కోవా కాచినంత ఓపికగా కాచి ఇగిరిస్తే వచ్చేది 110 గ్రాముల పైచిలుకు మాత్రమే. అందులోనూ మలినాలు మిగిలి ప్రయోగం మొండికేస్తుంది. వంటచెరకు ఖర్చుకంటే కొన్న ఉప్పే చౌక. ఒకసారి కొన్నదానిని పారేయనక్కర లేదు. గడ్డను మళ్లీ వేడినీళ్లలో పెట్టి కరిగిస్తే మరుసటి ఏడాది తరగతికీ అదే పనికొస్తుంది. నిలవ ఉంచిన సీసాకు పేరు రాసిన చీటీ అంటించాలి. తాగే పానీయాల సీసాల్లో మాత్రం పోయకూడదు. మరిగే నీళ్లతో పని కాబట్టి పెద్దలు దగ్గరుండి చేయించవలసిన ప్రయోగమిది. కళ్లద్దాలు తప్పనిసరి.

సోడియం ఎసిటేట్ దొరకకపోతే ఫొటో స్టూడియోల వారు వాడుతూ వచ్చిన హైపో కూడా పనికొస్తుంది. అది సుమారు 48 డిగ్రీల దగ్గరే కరిగి, ఇలాగే చల్లారి, ఇలాగే తన పలుకు కోసం ఎదురుచూస్తుంది.

ఎదురుచూడటం ఎందుకు?

నూరు గ్రాముల నీరు 20 డిగ్రీల వద్ద సుమారు 200 గ్రాముల పంచదారను కరిగించుకోగలదు. అంతకంటే వేస్తే అడుగున నిలుస్తుంది. ఇలా పట్టగలిగినంత పట్టిన ద్రావణాన్ని సంతృప్త ద్రావణం అంటారు. నీరు వేడెక్కితే పట్టే శక్తి పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. కాబట్టి వేడిలో నిండుగా పట్టిన ద్రావణం చల్లారినప్పుడు ఎక్కువైనదంతా బయట పడిపోవాలి. లెక్క ప్రకారం అంతే. కాని చాలాసార్లు పడదు. పట్టవలసినదానికంటే ఎక్కువ పట్టుకుని అలాగే నిలబడుతుంది. దీనిని అతిసంతృప్త ద్రావణం అంటారు. పైన చెప్పిన కుప్పెలోని నీరు మామూలుగా పట్టగలిగినదానికి దాదాపు రెట్టింపు ఉప్పును పట్టుకుని ఉంటుంది.

ఊళ్లో కోలాటం మొదలయ్యే తీరు గుర్తుకు తెచ్చుకోండి. మైదానంలో వందమంది ఉన్నా, ఇద్దరు ముగ్గురు కోలలు పట్టుకుని నిలబడితే వలయం నిలవదు. పక్కవారు రాకపోతే వాళ్లూ విడిపోయి గుంపులో కలిసిపోతారు. ఒక పాటి వలయం ఏర్పడిందంటే ఇక ఆగదు. వచ్చినవాడు వచ్చినట్టు తన చోటులో నిలబడతాడు. ద్రావణంలో రేణువులూ అంతే. కొన్ని కలిసి చిన్న గుంపు కట్టినా, ఆ గుంపు మరీ చిన్నదైతే దాని పైతలం మీదనున్న రేణువులను నీరు మళ్లీ లాగేసుకుంటుంది. ఒక కనీస పరిమాణం దాటిన గుంపే పెరుగుతుంది. దానంతట అది ఆ పరిమాణం దాటడం కష్టం. మనం బయటి నుంచి వేసే పలుకు ఆ కష్టాన్ని తీర్చివేస్తుంది, ఏర్పడి ఉన్న వలయాన్నే తెచ్చి మధ్యలో దించినట్టు.

ఇలా పలుకు వేసి స్ఫటికాలను రప్పించే పద్ధతిని 18వ శతాబ్దం చివర రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్ అనే రసాయనవేత్త పరిశీలించాడు. తరువాత 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ అతిసంతృప్త స్థితిలో రెండు మెట్లున్నాయని వివరించాడు. మొదటి మెట్టులో పలుకు పడితే గాని కట్టదు. చల్లదనం బాగా పెరిగి రెండో మెట్టుకు చేరితే పలుకు లేకుండానే ఒక్కసారిగా లెక్కలేనన్ని స్ఫటికాలు పుట్టుకొస్తాయి. ఆయనకు 1909లో నోబెల్ బహుమతి వచ్చింది గాని, అది వేరే పనికి. పాలవారికి ఉపయోగపడేది మాత్రం ఈ రెండు మెట్ల సంగతే.

ఇంట్లో ఆడవారు ఇదంతా వింటే "మా తోడు లాంటిదే కదా" అంటారు. చూపులకు పోలిక బాగానే ఉంది. కాని తోడులో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. అవి పెరిగి పాలచక్కెరను తిని పులుపు చేస్తాయి, పాలు పెరుగవుతాయి. స్ఫటికపు పలుకులో ప్రాణం లేదు, అది దేనినీ తినదు. ఎలా పేర్చుకోవాలో చూపే నమూనా మాత్రమే.

వేడి ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఉదయం మరిగే నీళ్లలో పెట్టినప్పుడు స్ఫటికాలు కరగడానికి తీసుకున్న వేడి ఇది. కుప్పె చల్లారినా కరిగినందుకు ఖర్చయిన ఆ భాగం లోపలే దాగి ఉంది. తిరిగి కట్టుకున్నప్పుడు అది బయటికి వస్తుంది, గడ్డ వేడి 58 డిగ్రీల దరిదాపులకు వెళ్లవచ్చు. అందుచేత గట్టిగా చేత్తో పట్టుకోనివ్వకూడదు. నొప్పులకు కాపడం పెట్టుకునే ఒక రకం సంచులు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. లోపల చిన్న లోహపు బిళ్ల ఉంటుంది. దానిని టక్కుమనిపిస్తే సంచి గట్టిపడి వేడెక్కుతుంది. మళ్లీ మరిగే నీళ్లలో వేస్తే ద్రవమై వాడకానికి సిద్ధమవుతుంది.

పాకం పట్టే ప్రతి ఇంట్లోను ఈ ప్రయోగం తెలియకుండానే జరుగుతూ ఉంటుంది. తీగపాకం చల్లారేటప్పుడు గరిటె ఆడిస్తే పంచదార కట్టేస్తుంది. అందుకే కొందరు గిన్నె అంచులు తుడిచి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు పంచదారలో కొంత భాగాన్ని వేరే చక్కెరలుగా విడగొడుతుంది, అవి స్ఫటికాల వరుసకు అడ్డు వస్తాయి. బాదుషా మీద తెల్లటి పూత కావాలంటే మాత్రం కట్టనివ్వాలి. పటికబెల్లం చేసేవారు దారాలు వేలాడదీసి రోజుల తరబడి కదపకుండా వదిలేస్తారు, స్ఫటికం పెద్దదవుతుంది. తొందరపెడితే పిండిలాంటి పంచదార, ఓపిక పడితే పెద్ద పలుకు.

కోవాలో ఇసుక

ఇక పాల సంగతి. పాలకు తియ్యదనమిచ్చే చక్కెర లాక్టోజ్. మనం పాలచక్కెర అందాము. దీనికి పంచదారకున్నంత కరిగే గుణం లేదు. 20, 25 డిగ్రీల దగ్గర నూరు గ్రాముల నీరు పట్టగలిగేది 20 గ్రాముల చిల్లర మాత్రమే. పాలలో పాలచక్కెర అయిదు శాతం దగ్గర ఉంటుంది, నీరు ఎంతో ఎక్కువ. కాబట్టి పాలను ఎంత చల్లబరచినా అది స్ఫటికంగా కట్టదు. కాచి నీరు ఇగిరించినప్పుడు కథ మారుతుంది.

గేదెపాల కోవాలో సుమారు అయిదో వంతు పాలచక్కెర ఉంటుంది. నీరు చూస్తే నాలుగో వంతుకు అటూఇటూ. అంటే నూరు గ్రాముల నీటికి 80 గ్రాముల పాలచక్కెర పడింది; చల్లారాక ఆ నీరు పట్టగలిగేది అందులో నాలుగో వంతే. అచ్చంగా ఉపాధ్యాయుడి కుప్పెలోని పరిస్థితి. వేడి మీద మెత్తగా ఉన్న కోవా నిలవ ఉన్నకొద్దీ, ముఖ్యంగా చల్లటి చోట, లోపలి పాలచక్కెర కొద్దికొద్దిగా స్ఫటికాలు కడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ స్ఫటికాలు గొడ్డలి తలలా ఉంటాయి. నాలుకకు గరుకుగా తగిలేవి ఇవే.

దీనికి పరీక్ష సులువు. గరుకుగా ఉన్న కోవాను కాస్తంత తీసుకుని, దానికి ఎన్నోరెట్లు వేడినీటిలో బాగా మెదపండి. గరుకు పోయిందంటే అది పాలచక్కెర. నిజమైన ఇసుక అయితే ఎంత మెదిపినా కరగక అడుగున మిగులుతుంది. మెత్తగా రబ్బరులా ఉండే పలుకులు మిగిలితే అవి విరిగిన పాల మాంసకృత్తులు. కొంచెం పులిసిన పాలతో కాచిన కోవాలో వస్తాయి, కలాకండ్ కోసం కావాలనే రప్పిస్తారు. పిండి కలిసిందన్న అనుమానముంటే కోవాను నీటిలో మరగబెట్టి, చల్లార్చి, అయోడిన్ చుక్క వేస్తే నీలి రంగు తిరుగుతుంది. ఇంత చేసి చూడకుండా, నోటికి గరుకు తగిలిందని పాలు పోసినవారిని నిలదీయడం న్యాయం కాదు.

డబ్బాల్లో వచ్చే తియ్యటి చిక్కపాలను తయారుచేసేవారికి ఇది పెద్ద చిక్కే. అమెరికాలో గెయిల్ బోర్డెన్ 1856లో పేటెంటు పొందిన నాటి నుంచి ప్రపంచమంతా వ్యాపించిన సరుకు అది. అందులో పాలచక్కెర నీరు పట్టగలిగినదానికి రెట్టింపు దాకా ఉంటుంది. స్ఫటికం కట్టకుండా ఆపడం సాధ్యం కాదు. కాబట్టి ఆపరు, కట్టే తీరును తమ చేతిలో పెట్టుకుంటారు. చిక్కబడిన పాలను సుమారు 30 డిగ్రీలకు చల్లార్చి, బాగా నూరిన పాలచక్కెర పొడిని బహు కొద్దిగా చల్లి, గట్టిగా కలియబెడుతూ చల్లార్చడం కొనసాగిస్తారు. కోట్ల కొద్దీ పలుకులు ఒక్కసారే పడటంతో ఎక్కువైన చక్కెర అన్నిటికీ పంచబడి, ఏదీ పెద్దది కాదు. స్ఫటికం మిల్లీమీటరులో నూరో వంతుకు లోపు ఉంటే నాలుకకు తెలియదు. నూరింట మూడు వంతులు దాటితే ఇసుకలా తగులుతుంది. స్ఫటికాల బరువు రెండిట్లోను ఒకటే కావచ్చు. తేడా అంతా సంఖ్యలోనే.

పాలపొడిది ఇంకొక రకం. వేడిగాలిలో తుంపరగా చల్లి ఎండబెట్టేటప్పుడు పాలచక్కెరకు వరుస కట్టడానికి వ్యవధి దొరకదు, గాజులా గట్టిపడిపోతుంది. మన దేశంలో గేదెపాలను ఇలా పొడి చేసే కర్మాగారం గుజరాత్‌లోని ఆణంద్‌లో 1955లో మొదలైంది. గేదెపాలతో పొడి కుదరదని నిపుణులు అన్న రోజుల్లో హెచ్.ఎం. దలాయా దానిని చేసి చూపించారు. ఆ గాజులాంటి చక్కెరకు తేమ దాహం ఎక్కువ. సంచి మూతి సరిగా కట్టకపోతే గాలిలోని తేమను పీల్చి, రేణువులు కదిలే వీలు చిక్కి, అప్పుడు స్ఫటికాలు కడుతుంది. పొడి రాయిలా గడ్డకట్టేది అందుకే. వానాకాలంలో తెరచిన సంచిని తడి గోడకు ఆనించి పెట్టకుండా, చెక్కబల్ల మీద మూతి బిగించి ఉంచాలని చెప్పేది ఊరికే కాదు.

నెయ్యి పూస

నెయ్యిలో పాలచక్కెర ఉండదు, నీరూ లేనట్టే. అక్కడ ద్రావణం కొవ్వులోనే ఉంది. నెయ్యి ఒకే కొవ్వు కాదు. గది వేడిమికి గట్టిపడేవి కొన్ని, ద్రవంగానే ఉండేవి కొన్ని. కాచినప్పుడు గట్టివి మెత్తవాటిలో కరిగి కలిసిపోతాయి. చల్లారినప్పుడు వేరుపడి పూస కడతాయి. కాచి వడకట్టిన నెయ్యిని 28, 30 డిగ్రీల మధ్య కదపకుండా నిదానంగా చల్లారనిస్తే కొద్దిపాటి కేంద్రాలు ఏర్పడి, అవే పెరిగి పెద్ద పూస అవుతాయి. అదే నెయ్యిని చల్లటి నీళ్లలో గాని మంచుపెట్టెలో గాని పెట్టి గబగబా చల్లార్చితే లెక్కలేనన్ని సన్నటి కేంద్రాలు పుట్టి వెన్నలా మెత్తగా కడుతుంది. ఎండాకాలం 40 డిగ్రీల్లో చాలావరకు ద్రవంగానే ఉండిపోతుంది. ఒకే డబ్బా నెయ్యిని మూడు సీసాల్లో పోసి మూడు రకాలుగా చల్లార్చి మీరే చూడవచ్చు. సంఘం సమావేశంలో బల్ల మీద పెట్టి చూపిస్తే ఇంకా మంచిది.

గేదెనెయ్యి పూస పెద్దది, ఆవునెయ్యి పూస సన్నం. మేత ప్రభావం కూడా ఉంది. పత్తిగింజలు, పత్తిచెక్క ఎక్కువగా తిన్న పశువుల నెయ్యి గట్టిగా ఉంటుంది. అటువంటి నెయ్యి రసాయన పరీక్షల్లో కూడా మామూలు అంకెలకు తేడాగా వస్తుంది. పత్తి పండే ప్రాంతాల రైతులకు అన్యాయం జరగకూడదనే ఆగ్‌మార్క్ వారు ఆ నెయ్యికి వేరుగా ప్రమాణాలు పెట్టవలసి వచ్చింది.

రెండో వైపు కూడా చెప్పాలి. పూస ఉంది కదా అని నమ్మి మోసపోయేవారున్నారు. నూనెలను గట్టిపరచి చేసే వనస్పతిని నెయ్యిలా కనిపించాలని పూస వచ్చేటట్టే తయారుచేసేవారు. నెయ్యిలో దానిని కలిపినా పూస పోదు. వనస్పతిలో నువ్వులనూనె కలిపి తీరాలన్న నిబంధన పెట్టింది ఇందుకే. అనుమానపు నెయ్యిని కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లము, ఫర్‌ఫ్యూరాల్ కలిపి కుదిపితే నువ్వులనూనె ఉన్నచోట ఆమ్లపు పొర ఎర్రబడుతుంది. ఇది ప్రయోగశాలలో చేయవలసిన పరీక్ష, ఇంటి పని కాదు. అనుమానం నిజంగా ఉంటే నమూనా పంపించడమే మార్గం.

సంఘంలో గాని ఇంట్లో గాని అమ్మకానికి నెయ్యి కాచేవారు పూస కోసం వేరే ఏదీ చేర్చనక్కర లేదు. వడకట్టిన నెయ్యిని డబ్బాల్లో పోసి, మూత పెట్టి, గాలి విసురు లేని గదిలో ఒక రాత్రంతా కదపకుండా వదిలిపెట్టండి. త్వరపడి లారీ ఎక్కిస్తే దారి కుదుపులకు పూస చెదురుతుంది. వేసవిలో గది చల్లబడదు కాబట్టి డబ్బాల చుట్టూ తడి గోనెలు కప్పి నిదానంగా వేడి దిగనివ్వండి. ఒకసారి జిడ్డుగా కట్టిన నెయ్యి పాడైనట్టు కాదు. 60 డిగ్రీల దాకా మళ్లీ వెచ్చబెట్టి, పాత పూస పూర్తిగా కరిగాక, ఈసారి మెల్లగా చల్లార్చితే పూస దానంతట అదే వస్తుంది.